నరం తీసే చెయ్యి

మా అమ్మది పక్షవాతం కాదు! ఆమె కుడిచెయ్యి చచ్చిపోలేదు. నరం బతికే ఉంది!

ముందు ఈ మాట బయటపెడితే గానీ నాకు ఊపిరాడేలా లేదు. డిగ్రీ పాసైనట్టు ఫోన్లో చూసుకున్న రోజు కూడా నేనింత గంతులు వేయలేదు. అమ్మ తరఫునా, నాయన తరఫునా కలిపి చూసినా మా ఇళ్ళల్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. ఆ రోజు నాయన పల్లెంతా చాక్లెట్లు పంచాడు. ఈ రోజు పంచాల్సింది అంతకంటే పెద్ద కబురు. తీరా చూస్తే ఫోన్ చచ్చి కూర్చుంది. పొద్దున్నుంచీ రిపోర్టుల ఫోటోలు తీసీ తీసీ బ్యాటరీ అయిపోతే, ఈ నెల్లూరు ఆసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గరి అక్క దయతలచి తన చార్జర్ ఇచ్చింది. అది నిండేలోపు కాగితం మీద రాస్తున్నాను. పక్క కుర్చీలో అమ్మ కునుకు తీస్తోంది. రాయకపోతే దారినపోయేవాళ్ళను ఆపి చెప్పేలా ఉన్నాను. ఇప్పటికే లిఫ్టులో ఎవరో పెద్దాయనకు చెప్పేశాను. ఆయన "మంచిదమ్మా" అని గబుక్కున దిగిపోయాడు.

ఇంత సంతోషంలోనూ నోరు చేదుగానే ఉంది. అదెందుకో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

మాది సముద్రం పక్కన పల్లె. నాయన వేటకు పోతాడు. అమ్మ నేను పుట్టకముందు నుంచీ రొయ్యల షెడ్డులో పని చేసింది. చెరువుల్లో పట్టిన రొయ్యలు ఐసులో కప్పెట్టుకుని షెడ్డుకు వస్తాయి. పొడుగాటి బల్లల ముందు ఆడవాళ్ళు నిలబడి తలలు తుంచుతారు, పెంకు వలుస్తారు. చివర్లో రొయ్య వీపు చీల్చి నల్లటి దారంలాంటిది లాగేస్తారు. అది తిన్నది అరిగే గొట్టమే గానీ, మేం దాన్ని నరం అంటాం. అమ్మ పని ఆ నరం తీయడం. మణికట్టు లోపలికి వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కత్తి మొన పట్టి, ఒక్క లాగు. దారం తెగకుండా తోక దాకా వచ్చేయాలి. షెడ్డులో అమ్మంత సాఫీగా లాగేవాళ్ళు లేరని పక్క బల్లల వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో ఎప్పుడూ పొగడ్త ఎరగని మనిషికి అదొక్కటే పేరు.

తిమ్మిరి ఎప్పుడు మొదలైందో అమ్మకే తెలియదు. నిద్రలో వేళ్ళు మొద్దుబారి మెలకువ వచ్చేది. చెయ్యి మంచం పక్కకు వేలాడేసి గట్టిగా విదిలిస్తే కాస్త తెరిపిచ్చేది. పగలు కూడా పొయ్యి ముందు విదిలించేది. అది మా అవ్వకు, అంటే నాయన వాళ్ళమ్మకు, గిట్టేది కాదు.

"ఇంట్లో చేతులు విదిలించబాకమే! ఉండే నాలుగు మెతుకులు గూడా విదిలించుకుంటావా?"

ఆ మాట పడ్డాక అమ్మ విదిలించడం దొంగతనంగా చేసేది. గోడవైపు తిరిగి, కొంగు చాటున. దొడ్లో బట్టలారేసే వంకతో. మనిషి ముందు చెయ్యి విదిలించడమంటే మా పల్లెలో వాళ్ళను ఛీ పొమ్మన్నట్టే. అందుకని ఏ డాక్టర్ ముందూ, ఏ చుట్టం ముందూ ఆ పని చేసి ఎరగదు.

తర్వాత వస్తువులు జారడం మొదలైంది. గ్లాసు, సబ్బు, తాళంచెవి. జాకెట్టు హుక్కులు నేను పెట్టేదాన్ని. అన్నం కలిపి ముద్ద ఎత్తితే నోటి దాకా వచ్చేసరికి సగం మళ్ళీ కంచంలోకే. అమ్మ పెళ్ళిభోజనాలకు పోవడం మానేసింది. అడిగితే తలనొప్పి అనేది. ఇంట్లో స్పూనుతో తినేది, ఎవరన్నా గడప తొక్కితే ఆ స్పూను కంచం కింద దాచేది. దొంగసొత్తు దాచినట్టు.

షెడ్డులో దాచడం కుదరలేదు. నరాలు మధ్యలో తెగడం మొదలయ్యాయి. సూపర్‌వైజర్ నాలుగు రొయ్యలు ఏరి అమ్మ ముందు పెట్టాడట.

"ఏందక్కా ఇది? సగం లాగి సగం వదిలేస్తా ఉండావు. కొనేవాళ్ళకు కొసరా?"

"చెయ్యి తిమ్మిరెక్కతా ఉంది సార్. పట్టు దొరకడం లేదు."

"చేతికెక్కింది సరే, నోటికెక్కదేందక్కా? పొద్దుగూకులూ మాట్లాడతానే ఉంటావు గదా!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారట. "నేను గూడా నవ్వినాన్లే" అంది అమ్మ. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమె మొహంలో నవ్వు లేదు.

ఊళ్ళో సూదులేసే ఆయన నరాల బలహీనత అని సూదులేశాడు. ఇంకొకాయన మెడ అరిగిందని పట్టీ కట్టుకోమన్నాడు. ఆ పట్టీతో అమ్మ ఐసు మీదికి వంగలేక తిప్పలు పడింది. ఇంతలో మా మేనత్త, నాయన అక్క, వచ్చి అమ్మ చెయ్యి ఎగాదిగా చూసి తేల్చేసింది.

"ఇది పక్షవాతం మే. మా ఊళ్ళో ఒకాయనకు ఇట్టానే వేళ్ళ కాడ మొదలయింది. ఒకరోజు పొద్దున్నే చెయ్యి పడిపోయింది, మూతి గూడా వంకరబోయింది. ఇంక షెడ్డూ గిడ్డూ మానుకో."

"ఊరుకో వదినా, బిడ్డ వింటా ఉంది" అంది అమ్మ.

ఆ బిడ్డ అప్పటికి డిగ్రీ మొదటి సంవత్సరం. వింటూనే ఉంది.

పక్షవాతమో కాదో తేల్చుకుందామని నేనే పట్టుబట్టి అమ్మను టౌనుకు తీసుకెళ్ళాను. నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష ఉందట, చేయించుకోమని ఎవరో చెప్పారు. ఆ చేసిన చోటు పేరు రాయను. బయలుదేరే ముందు అమ్మ పడవ దగ్గరికి పోయి మంచి రొయ్యలు ఏరుకొచ్చి, ఐసు వేసి కవర్లో కట్టి, గుడ్డ సంచిలో పెట్టింది.

"ఇప్పుడు ఇవెందుకమ్మా?"

"డాక్టర్ల కాడికి వట్టి చేతుల్తో ఎట్టా పోతాం మే? ఏమనుకుంటారు?"

మా పల్లెలో ఎవరింటికి పోయినా అంతే. చేప లేకుండా పోతే మనిషి పోనట్టే. బస్సులో సంచి కింద పెడితే ఐసు కారి పక్కవాళ్ళు తిడతారని దారంతా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. అక్కడ ఏసీ గదిలో కూర్చోబెడితే అక్కడా అలాగే పట్టుకుని కూర్చుంది. నేల పాడవుతుందట.

పిలిచాక లోపల మిషన్ దగ్గర ఒక కుర్రాయన ఉన్నాడు. అమ్మ దగ్గరికి రాగానే మూతి మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"ఏం వాసనమ్మా ఇది!"

"సబ్బుతో కడుక్కునే వచ్చినాను నాయనా. పోదు. పని అట్టాంటిది" అని అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

ఆయన వైర్లు రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని, అమ్మ చర్మం తగలకుండా అతికించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. మణికట్టు పట్టుకోలేదు. వేళ్ళు పట్టుకోలేదు. "ఇలా తిప్పండి, అలా తిప్పండి, కదలకండి" అని నోటితోనే చేయించాడు. రెండు చేతులకూ అయిపోయిందనిపించాడు. అయ్యాక అమ్మ సంచి చూపించి, "ఇవి యాడ పెట్టమంటావు నాయనా?" అంది.

"ఏంటవి? రొయ్యలా? లోపల ఫ్రిజ్‌లో పెట్టేయండి."

ఆ మాట అన్నప్పుడు మాస్కు కిందికి దిగింది.

డాక్టర్ బల్ల వెనక నుంచి లేవలేదు. కాగితం చూశాడు, అమ్మను చూడలేదు. "రెండు చేతుల్లోనూ నరాలన్నీ నెమ్మదించాయి. అన్నీ దెబ్బతిన్నాయి. తగ్గేది కాదు. ఈ విటమిన్ మాత్రలు వాడండి, చెయ్యి పూర్తిగా పడిపోకుండా చూసుకోండి" అన్నాడు. అందులో అమ్మకు వినబడింది ఒక్క ముక్కే. పడిపోవడం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఒళ్ళో సంచి లేదు. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంది, అది ఇప్పుడే ఊడి కింద పడుతుందన్నట్టు.

ఇంటికొచ్చాక నేను ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో. ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చు. మా ఇంట్లో అవి చదవగలిగేది నేనొక్కదాన్నే. నన్ను చుట్టూ కూర్చోబెట్టుకుని, "నువ్వు కాలేజీ చదవతా ఉండావు గదా, ఏం రాసినారో చెప్పు" అన్నారు. అన్ని నరాలూ నెమ్మది అనే ఉంది. అదే చెప్పాను. అత్త గెలిచినట్టు తలూపింది. షెడ్డులో సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "నువ్వు రెస్టు తీసుకో అక్కా. పక్షవాతం మనిషిని బల్ల కాడ నిలబెట్టినాడని నేను మాట పడలేను" అన్నాడు. మళ్ళీ పిలవలేదు.

అప్పటి నుంచి అమ్మ బతుకంతా ఒక ఎదురుచూపు. చెయ్యి ఎప్పుడు పడిపోతుందా అని. పొద్దున లేవగానే మొదట మూతి తడిమి చూసుకునేది, వంకర పోయిందేమోనని. ఎడమచేత్తో ముగ్గు వేయడం నేర్చుకుంది. చీపురు పట్టడం నేర్చుకుంది. ఎడమచేత్తో తినడం మాత్రం ఆమె వల్ల కాలేదు. "కాకులు చూస్తే గూడా నవ్వతాయి మే" అనేది. ఆ స్పూను అలా కంచం కిందే ఉండిపోయింది. నేను డిగ్రీ పూర్తి చేసి, కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు ఎక్కించే పనిలో చేరాను. కంపెనీ బస్సు ఎక్కేటప్పుడు చెయ్యి ఊపడానికి అమ్మ ఎడమచెయ్యే ఎత్తేది.

ఆఫీసులో మా పక్క సీటు అకౌంట్స్ సార్ ఉన్నారు. పెద్దాయన, మంచివారు. ఒకరోజు టైప్ చేస్తూ చేస్తూ ఆగి, కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి టపటపా విదిలించారు. అచ్చం అమ్మే. వేళ్ళకు అంటిన నీళ్ళు దులిపినట్టు, అదే విదిలింపు.

"ఏమైంది సార్?"

"కీబోర్డు జబ్బమ్మా. మణికట్టులో నరం నొక్కుకుపోతుందట. కార్పల్ టనెల్ అంటారు. తిమ్మిరెక్కితే ఇలా విదిలిస్తే పోతుంది. డాక్టరమ్మ పట్టీ ఇచ్చింది" అని డ్రాయరులోంచి మణికట్టు పట్టీ తీసి చూపించారు. ఆఫీసు వాళ్ళు ఆయనకు మెత్తటి మౌస్ ప్యాడ్ కొనిచ్చారు. ఆయన విదిలించినప్పుడల్లా ఎవరో ఒకరు "అయ్యో సార్, టీ తాగి చేద్దురు" అంటారు. అదే విదిలింపు. మా ఇంట్లో దానికి దరిద్రమని పేరు, షెడ్డులో దొంగ వేషమని పేరు. ఏసీ గదిలో టీ ఇస్తారు. ఆ రోజు బిల్లుల్లో ఏం కొట్టానో నాకు తెలియదు. సార్ దగ్గర డాక్టరమ్మ అడ్రస్ రాయించుకున్నాను.

అమ్మ మొదట రానంది. "ఒకసారి కరెంటు పెట్టించుకునింది చాల్లే. చచ్చిన చేతికి ఎన్ని తూర్లు చావు రాయిస్తావు?" అంది. నాయన చెబితే కదిలింది. కదిలింది గానీ, ఈ రోజు పొద్దున మళ్ళీ అదే సంచి. అవే రొయ్యలు, అదే ఐసు.

"వద్దమ్మా ఈసారి."

"ఆ డాక్టరు తీసుకున్నాడు గదా, ఈ డాక్టరమ్మ ఎందుకు తీసుకోదు? నువ్వు ఉద్దోగం చేస్తా ఉండావని మన మర్యాద మానుకుంటామా?"

దారంతా ఒళ్ళో సంచి. ఇక్కడ వరండాలోనూ ఒళ్ళోనే సంచి.

డాక్టరమ్మ నడివయసావిడ. అమ్మ కుర్చీలో కూర్చోగానే ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని చెయ్యి చాపింది. అమ్మ తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నీసు వాసనమ్మా. కడిగినా పోదు."

"నాకు మూడు రోజుల్నుంచి జలుబు. ఏ వాసనా తెలియదు. ఇటివ్వండి."

అమ్మ చెయ్యి ఆమె రెండు చేతుల్లోకి వెళ్ళింది. షెడ్డు మనుషులు కాక ఇంకెవరైనా ఆ చెయ్యి అలా పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. వెలుతురుకు తిప్పి చూసింది. నా చెయ్యి కూడా అడిగి పక్కన పెట్టింది. బొటనవేలి మొదట్లో నాకు కండ ఉబ్బుగా ఉంది. అమ్మకు అక్కడ చిన్న గుంట. ఇన్నేళ్ళూ ఆ చేతికి నూనె రాసిన నాకే ఆ గుంట కనబడలేదు.

కళ్ళు మూసుకోమని, దూదితో ఒక్కో వేలూ తాకుతూ వచ్చింది. చిటికెన వేలు తెలిసింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు సరిగా తెలియలేదు. ఉంగరపు వేలి దగ్గర అమ్మ తడబడింది.

"చిటికెన వేలి పక్క తెలస్తా ఉంది. ఈ పక్క తెలీదు. సగం వేలు ఎట్టా చస్తాదమ్మా? నేనే తప్పు చెప్తా ఉండానేమో."

"తప్పు కాదు. మీరు చెప్పిందే చాలా ముఖ్యం. ఆ వేలికి రెండు నరాలు వస్తాయి. ఒక పక్క ఒకదానిది, ఇంకో పక్క ఇంకోదానిది."

"అన్నదమ్ములు పంచుకున్న పొలం మాదిరా?"

"సరిగ్గా అంతే. అందులో ఒక తమ్ముడికే నీళ్ళు ఆగిపోయాయి. పక్షవాతం వేలిని ఇలా నిలువునా పంచదమ్మా."

అమ్మ కళ్ళు తెరిచింది. ఆ మాట మళ్ళీ చెప్పమన్నట్టు నావైపు చూసింది.

డాక్టరమ్మ మెడ తిప్పించింది, మోకాళ్ళ మీద సుత్తితో కొట్టింది, నడిపించింది, నవ్వించి మూతి చూసింది. తర్వాత రెండు చేతుల వీపులూ ఒకదానికొకటి ఆనించి, మణికట్టు వంచి, వేళ్ళు కిందికి దించి అలాగే ఉంచమంది. నిమిషం కూడా కాలేదు, అమ్మ "సూదులమ్మా, సూదులు" అంటూ చేతులు విడదీసింది.

"ఇట్టా వంచే గదమ్మా నేను బల్ల కాడ రోజంతా నిలబడేది!"

"ఎన్నేళ్ళు?"

అమ్మ లెక్క చెప్పలేదు. "ఈ బిడ్డ కడుపులో పడకముందు నుంచి" అంది. డాక్టరమ్మ మణికట్టు లోపలి వైపు వేలితో తట్టింది. అమ్మ ఉలిక్కిపడింది, మధ్యవేలి కొస దాకా కరెంటు పారిందట. అప్పుడు అడిగింది:

"నిద్రలో తిమ్మిరొచ్చినప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేస్తానమ్మా, ఓర్చుకుంటాను."

"చేతితో ఏమైనా చేస్తారా?"

"ఏం లేదమ్మా."

నేను ఉండబట్టలేక, "విదిలిస్తుంది డాక్టర్. మా అవ్వ తిడుతుందని గోడవైపు తిరిగి విదిలిస్తుంది" అన్నాను. అమ్మ నా తొడ గిల్లింది. డాక్టరమ్మ మాత్రం కాగితం మీద దాన్ని రాసుకుని కింద గీత గీసింది. "ఈ జబ్బును పట్టిచ్చే గుర్తు అదేనమ్మా. అది దాచేస్తే మేం ఎలా కనుక్కోవాలి?" అంది.

నరం ఎంత నలిగిందో, ఇంకా బతికుందో లేదో తెలియాలంటే మిషన్ పరీక్ష కావాలంది. కండ కరిగిందంటే ఆలస్యమైందట. పక్షవాతం కాదన్నారు సరే, నరమే చచ్చి ఉంటే?

పరీక్ష చేసే ఆయన నెరిసిన జుట్టు మనిషి. అమ్మను పడుకోబెట్టి, మణికట్టు మీద చెయ్యి వేసి, టక్కున తీశాడు.

"ఏంటమ్మా, చేతులు ఫ్రిజ్‌లో పెట్టుకొచ్చారా?"

"లేదు నాయనా. మీకే రొయ్యలు తెచ్చినాను. ఐసు కారతా ఉందని పట్టుకుని ఉండాను."

ఆయన నవ్వి, చర్మం వేడి చూసే చిన్న పరికరం వేలికి ఆనించి, తల అడ్డంగా ఊపాడు. "ఈ చేతులకు చేయను. చల్లగా ఉంటే మంచి నరం కూడా నెమ్మదిగానే పలుకుతుంది. అన్నీ జబ్బువే అనిపిస్తాయి" అని ఒక టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు తెప్పించి అమ్మ చేతులు అందులో ముంచాడు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సంచి నా కాళ్ళ దగ్గర కారుతోంది. ఆ రోజు కూడా ఇదే సంచి. దారంతా ఒళ్ళో. ఏసీ గదిలో ఒళ్ళో. అన్ని నరాలూ నెమ్మది.

"సార్, ఇంతకుముందు ఒకచోట ఐసు చేతులకే చేసి ఉంటే?"

"రిపోర్టు తప్పొస్తుంది."

"చేసేవాళ్ళకు చేతులు చల్లగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "చెయ్యి పట్టుకుంటే తెలిసిపోతుంది గదమ్మా" అన్నాడు.

చెయ్యి పట్టుకుంటే. అంతే. రొయ్యలు పట్టుకున్నారు గానీ చెయ్యి పట్టుకోలేదు. ఆ ఐసుకు మా అమ్మ ఇన్నాళ్ళు పక్షవాతం మనిషిగా బతికింది, పొద్దున్నే మూతి తడుముకుంటూ. ఆ రొయ్యలు వాళ్ళు ఆ రోజే వండుకుని తిని ఉంటారు.

చేతులు వేడెక్కాక వైర్లు అతికించి కరెంటు తట్టాడు. వేళ్ళు వాటంతటవే ఎగిరిపడ్డాయి. అమ్మ కెవ్వుమంది.

"అయ్యా, శ్రీహరికోటలో రాకెట్టుకైనా ముందు లెక్కబెడతారంట. నువ్వు చెప్పకుండానే వదలతా ఉండావే!"

ఆ తర్వాత ప్రతిసారీ ఆయన మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టే వదిలాడు. తెర మీద గీతలు చూశాను. చిటికెన వేలి నరానిది కరెంటు తగలగానే చురుగ్గా లేచింది. మణికట్టు నడుమ నలిగిన మధ్య నరానిది చాలాసేపు రాలేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. నేను గోళ్ళు కొరుక్కున్నాను. అప్పుడు ఆలస్యంగా, పొట్టిగా, అలిసిపోయిన మనిషి గడప దాటినట్టు ఒక గీత లేచింది.

"ఉంది" అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటకు నేను అక్కడే గెంతాను. "వైర్లు, వైర్లు!" అని అరిచాడు.

డాక్టరమ్మ పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పాతదాంట్లో చెయ్యి వేడి రాయలేదు, అన్ని నరాలూ చెడ్డాయనాలంటే కాళ్ళకూ చేయాలట, అది చేయనే లేదు. అందులో కూడా మధ్య నరం మిగతావాటికంటే బాగా వెనకబడి ఉందట, అదీ ఎవరూ చూడలేదు. ఎడమచేతికి కొంచెం మొదలైంది. కుడిచేతికి బాగా ముదిరింది గానీ నరం బతికే ఉంది, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయాలి అంది.

అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నరం తీసేస్తారా? వద్దమ్మా! నేను తీసినన్ని నరాలు మీరు చూసి ఉండరు. తీసినాక ఆ రొయ్యి లేచి ఈదతాదా?"

డాక్టరమ్మ పక్కున నవ్వి, అమ్మను కూర్చోబెట్టింది. "తీయమమ్మా. మణికట్టులో నరం మీద ఒక గట్టి పట్టీ ఉంది. దాన్ని కోసి, నరానికి చోటిస్తాం. అంతే. బిగుసుకున్న గాజు తీసేసినట్టు."

"మళ్ళీ ముద్ద ఎత్తగలనా?"

"తిమ్మిరి తగ్గుతుంది. పట్టు మెల్లగా మెరుగవుతుంది. కరిగిపోయిన కండ మొత్తం తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. ఆ మొదటి పరీక్ష అప్పుడే వచ్చి ఉంటే ఇచ్చేదాన్ని."

అమ్మ మొదటి సగమే విన్నది. నేను రెండో సగం కూడా విన్నాను. చదువుకున్నందుకు నాకు దక్కేది ఎప్పుడూ ఆ రెండో సగమే.

రొయ్యలు ఇవ్వబోతే డాక్టరమ్మ తీసుకోలేదు. "ఆపరేషన్ అయ్యాక మీ చేత్తో వలిచి, నరం తెగకుండా తీసి తెండి. అప్పుడు తీసుకుంటాను" అంది. అమ్మ మొహం చూడాలి అప్పుడు! షెడ్డులో పేరు మళ్ళీ వచ్చినట్టు. రక్త పరీక్షలకు ఇచ్చి వచ్చి కుర్చీలో కూర్చోగానే ఇదిగో ఇలా నిద్రపోయింది. నిద్రలోనే ఇప్పుడు చెయ్యి విదిలించింది. వరండా నిండా జనం చూస్తుండగా. గోడవైపు తిరగలేదు.

ఫోన్ వెలిగింది. ఇక ఫోన్ చేయాల్సినవాళ్ళు:

నాయన. పడవ ఒడ్డుకు దగ్గరపడితే గానీ సిగ్నల్ తగలదు, తగిలేదాకా చేస్తూనే ఉండాలి.

అవ్వ. ఆమెకు ఫోన్ లేదు, పక్కింటి పిన్నమ్మకు చేసి పిలిపించాలి. ఇకనుంచి అమ్మ ఇంటి నడిమధ్య నిలబడి విదిలిస్తుందని చెప్పాలి.

అత్త. మూతి వంకర పోలేదని. గట్టిగా కాదు, మామూలుగానే చెప్పాలి. చూద్దాం.

అకౌంట్స్ సార్. థ్యాంక్స్ చెప్పాలి, రేపటికి కూడా సెలవు అడగాలి.

సూపర్‌వైజర్. నోటికి తిమ్మిరెక్కని మనిషి మాట్లాడుతుందని చెప్పి అమ్మకే ఫోన్ ఇవ్వాలి.

ఆ మొదటి చోటు. నంబరు పాత రిపోర్టు పైనే ఉంది. రొయ్యలు రుచిగా ఉన్నాయా అని అడగాలి.

అమ్మ బల్ల మీద పక్కన నిలబడే అక్క, ఎదురు బల్ల పెద్దమ్మ, తలలు తుంచే వదిన, ఐసు దగ్గరి ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వీళ్ళందరూ కూడా కొంగు చాటున చేతులు విదిలిస్తారని అమ్మ నిద్రపోయే ముందు చెప్పింది. నిజానికి ముందు వీళ్ళకే చేయాలి. వెంటనే రమ్మని. బస్సులో చేతులు వెచ్చగా ఉంచుకోమని. రొయ్యలు వద్దు, వట్టి చేతులతోనే రమ్మని.